ఒంటిని అరువిచ్చిన వాళ్లకు మన బాకీ

(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం)



సుబ్బారావుగారి పేరు మీద మాట్లాడమంటే వక్తలు సాధారణంగా భీమవరంతో మొదలుపెడతారు. ఖద్దరు కట్టినందుకు ఎం.బి.బి.ఎస్. ఇవ్వకుండా ఎల్.ఎం.ఎస్. చేతిలో పెట్టిన మద్రాసు కథ చెబుతారు. నోబెల్ రాలేదని బాధపడి కూర్చుంటారు. ఆ కథలన్నీ మీకు తెలిసినవే. నేను ఒకే ఒక్క మాటతో మొదలుపెడతాను. అది ఆయన రాసిన మాట కూడా కాదు.

1948 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో సిడ్నీ ఫార్బర్ బృందం ఒక వ్యాసం వేసింది. బోస్టన్‌లో రక్త క్యాన్సర్‌తో చావుబతుకుల మధ్య ఉన్న 16 మంది పిల్లలకు అమినాప్టెరిన్ అనే మందు ఇచ్చారు. ఆ మందు సుబ్బారావుగారు నడిపిన లెడర్లే పరిశోధనశాలలో పుట్టింది. 10 మంది పిల్లల్లో జబ్బు వెనక్కి తగ్గింది. అప్పటిదాకా ఆ జబ్బు వచ్చిన బిడ్డను ఇంటికి తీసుకెళ్లిపొమ్మనేవారు. అంతటి వార్తకు వాళ్లు పెట్టిన శీర్షికలో మొట్టమొదటి మాట ఏమిటో తెలుసా? ‘తాత్కాలిక’.

పిల్లలు లేచి ఆడుకుంటున్నారు, తల్లిదండ్రులు కాళ్ల మీద పడుతున్నారు. అటువంటి వేళ తాత్కాలికం అని శీర్షికలోనే రాయడానికి ఎంత నిబ్బరం కావాలి! ఇంకో సంగతి ఉంది. అంతకుముందు అదే పరిశోధనశాల నుంచి వచ్చిన ఫోలిక్ యాసిడ్ సంబంధమైన మందులు కొందరు రోగులకు ఇచ్చి చూశారు. వాటితో లుకేమియా తగ్గకపోగా మరింత జోరందుకున్నట్టు కనిపించింది. ఆ సంగతి కూడా దాచలేదు. ఫోలిక్ యాసిడ్‌తో జబ్బు ఎగదోసుకుంటే, దానికి అడ్డుపడే మందు ఇస్తే ఏమవుతుందన్న ఆలోచన అక్కడే పుట్టింది. ఆ చేదు ఫలితాన్ని అల్మారాలో పెట్టి తాళం వేసి ఉంటే అమినాప్టెరిన్ పిల్లల దాకా వచ్చేది కాదు, ఇవాళ మన ఊళ్లో కీళ్లవాతానికి వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్ కూడా అంత తొందరగా వచ్చేది కాదు. ఆ వ్యాసం వచ్చిన రెండు నెలలకే, ఆగస్టులో, సుబ్బారావుగారు పోయారు. అప్పటికి ఆయనకు 53 ఏళ్లు.

ఫార్బర్ చేసిన ఆ పరీక్షను ఇవాళ్టి నియమాల ముందు నిలబెడితే నిలబడదు. పోల్చి చూడటానికి రెండో గుంపు లేదు. అయినా దాని లెక్క నిజాయితీ లెక్క. తగ్గని ఆరుగురూ అందులో ఉన్నారు.

అదే ఏడాది అక్టోబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో స్ట్రెప్టోమైసిన్ ఫలితాలు వచ్చాయి. క్షయ రోగులు 107 మంది. ఎవరికి మందు, ఎవరికి మంచం మీద విశ్రాంతి మాత్రమే అన్నది డాక్టరు ఇష్టానికి వదలకుండా, అంటించిన కవర్లలో చీటీలు పెట్టి తేల్చారు. గణాంకవేత్త బ్రాడ్‌ఫర్డ్ హిల్ ఏర్పాటది. ఆరు నెలల్లో మందు తీసుకున్న 55 మందిలో నలుగురు పోయారు, తీసుకోని 52 మందిలో 14 మంది. ఇక్కడితో ఆపితే గెలుపు కథ. కానీ వాళ్లు లెక్క ఆపలేదు. అయిదేళ్ల తర్వాత చూస్తే మందు గుంపులో 32 మంది, రెండో గుంపులో 35 మంది మరణించి ఉన్నారు. క్రిమి మందుకు అలవాటు పడిపోయింది. ఒక్క మందు చాలదు, కలిపి ఇవ్వాలి అని వైద్యులకు తెలిసొచ్చిన దారి అదే.

మరి ఆ రోగులకు చెప్పారా? చెప్పలేదు. విశ్రాంతి గుంపులో ఉన్నవాళ్లకు తామొక పరీక్షలో ఉన్నామనే తెలియదు. అంతకు ముందటి ఏడే న్యూరెంబర్గ్‌లో నాజీ డాక్టర్లకు శిక్షలు వేస్తూ, మనిషి తనంతట తాను ఒప్పుకోవడం అన్నిటికన్నా ముందని తీర్పిచ్చారు. ఆ తీర్పు జర్మన్ల కోసమని, తమకు కాదని, గెలిచిన దేశాల డాక్టర్లు అనుకున్నారు. అమెరికాలోని టస్కెగీలో 399 మంది నల్లజాతి మగవాళ్ల సిఫిలిస్‌ను వైద్యం చేయకుండా 1932 నుంచి 1972 దాకా గమనిస్తూ కూర్చున్నది ఆ గెలిచిన దేశపు ప్రభుత్వమే.

స్ట్రెప్టోమైసిన్ పరీక్ష చేసిన లండన్ వాళ్ల శాస్త్రం గట్టిది, నీతి సగమే. మనం ఇప్పుడు దాన్ని తలకిందులు చేశాం. మన దగ్గర కాగితాల మీద నీతి నిండుగా ఉంటుంది, సంతకాలు సరిగ్గా ఉంటాయి, శాస్త్రం డొల్ల. డొల్ల శాస్త్రానికి తీసుకున్న సంతకం మోసపు సంతకమేనన్నది నా అభిప్రాయం. పరీక్షలో చేరినవాళ్లు మనకు తమ ఒళ్లు అరువిస్తున్నారు. ఆ బాకీ డబ్బుతో తీరదు, బిస్కెట్ ప్యాకెట్‌తో తీరదు, ఆటో చార్జీలతో తీరదు. నిలబడే జవాబు ఒకటి సంపాదించి, అది మంచిదైనా చెడ్డదైనా పదిమందికీ చెప్పినప్పుడే తీరుతుంది. నీతి ఒక కమిటీ పని, శాస్త్రం ఇంకో కమిటీ పని అని మనం గదులు కట్టుకున్నాం. ఆ రెండు గదుల మధ్య గోడే నా ఇవాళ్టి ఫిర్యాదు.

మన దక్షిణాదిలోనే ఆ గోడ లేకుండా జరిగిన పని ఒకటుంది. 1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం పెట్టారు. అప్పట్లో క్షయ వస్తే శానటోరియం తప్ప గతిలేదనుకునేవారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో చోటు దొరకడమంటే మా చిన్నతనంలో మెడికల్ సీటు దొరికినంత. దేశంలో లక్షల మంది రోగులు, మంచాలేమో వేలల్లో. వాలెస్ ఫాక్స్ బృందం 193 మంది మద్రాసు పేదల్ని తీసుకుని, సగం మందిని శానటోరియంలో, సగం మందిని వాళ్ల ఇళ్లలోనే ఉంచి, రెండు గుంపులకూ అవే మందులిచ్చింది. ఇంట్లో వాళ్లకు తిండి అంతంతమాత్రం, గదులు ఇరుకు, పనికి పోకపోతే పూట గడవదు. ఏడాది తర్వాత చూస్తే ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. రోగిని ఇంట్లో ఉంచితే ఇంటిల్లిపాదికీ అంటుకుంటుందన్న భయమొకటి ఉండేది కదా, అందుకని ఇంట్లోవాళ్లను కూడా గమనించారు. అక్కడా అదనపు ముప్పు కనిపించలేదు. 1959లో ఆ ఫలితం అచ్చయ్యాక ప్రపంచమంతటా శానటోరియాల కాలం తీరిపోవడం మొదలైంది.

ఆ పరీక్షలో నీతి ఎక్కడుంది? సమ్మతి పత్రంలో వెతక్కండి. ప్రశ్నలో ఉంది. మద్రాసు పేదల మీద చేసిన పరీక్ష మద్రాసు పేదలకు పనికొచ్చే ప్రశ్న అడిగింది. రెండు గుంపుల్లో ఎవరికీ మందు ఎగ్గొట్టలేదు. పోలిక తూకం సమంగా ఉంది. ఆ తర్వాత 1968లో చెంగల్పట్టులో మొదలైన బి.సి.జి. పరీక్ష కూడా అంతే. ప్రభుత్వమే ఊరూరా వేయిస్తున్న టీకా పెద్దవాళ్ల ఊపిరితిత్తుల క్షయను ఆపడం లేదని తేలితే, ప్రభుత్వ సంస్థే ఆ మాట బయటపెట్టింది. ఇప్పుడు అటువంటి ఫలితం వస్తే ఎన్ని ఫోన్లు వస్తాయో ఆలోచించండి.

నేను పదేళ్లకు పైగా ఒక ఆసుపత్రి ఎథిక్స్ కమిటీలో కూర్చున్నాను. ఏ ఆసుపత్రో అడక్కండి. అక్కడ నేను నేర్చుకున్నదంతా ఒక్క మధ్యాహ్నంలో నేర్చుకున్నాను, అదీ కమిటీ గదిలో కాదు. పరీక్ష ఎలా నడుస్తోందో చూద్దామని వార్డుకు వెళ్లాను. గుండె జబ్బుకు రెండు మందుల పోలిక. కుర్ర డాక్టరు ఒక నడివయసు ఆడమనిషికి 14 పేజీల సమ్మతి పత్రం చదివి వినిపిస్తున్నాడు. అందులో ‘యాదృచ్ఛికీకరణ’ అన్న మాట దగ్గర అతనికే నోరు తిరగలేదు. ఆమె సిద్దిపేట వైపు మనిషి.

“ఈ మందా ఆ మందా, ఎట్ల జెప్తరు సారూ?” అని అడిగింది.

“చీటీ తీస్తామమ్మా.”

“చీటీలా? అంటే నాకేది మంచిదో మీకు గూడ ఎరుకలేదా?”

అతను నావైపు చూశాడు. లేదమ్మా, ఎరుకలేకనే ఈ పరీక్ష, అన్నాను.

“గా ముచ్చట ముందుగాల చెప్పొద్దా? గిన్ని కాయితాలెందుకు?” అని, కాసేపు ఆగి, “తేలినంక నాకు చెప్తరా మరి?” అంది.

ఆ 14 పేజీల్లో కంపెనీ చిరునామా ఉంది, నష్టపరిహారం క్లాజు ఉంది, కడుపుతో ఉండకూడదన్న షరతు ఉంది. తేలిన తర్వాత నీకు చెబుతాం అన్న వాక్యం లేదు. మేం ఏడుగురం, అందులో ఒక రిటైర్డ్ జడ్జీగారు, ఆ పత్రాన్ని పంక్తి పంక్తీ చదివి ఆమోదించిన వాళ్లమే. ఆమె ఒప్పుకుంది, చేరింది. ఏడాదిన్నర తర్వాత ఆ కంపెనీ వ్యాపార కారణాల వల్ల పరీక్ష ఆపేస్తున్నామని మూడు వాక్యాల ఉత్తరం రాసింది. ఫలితం ఎక్కడా అచ్చు కాలేదు. ఆమెకు మేం చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఆ రోజు నుంచి, చీటీ అన్న మాటనే వాడమని నేను అందరికీ చెబుతూ వచ్చాను. మన ఆడవాళ్లకు చిట్టీపాట తెలుసు, పంపకాల్లో చీటీలెయ్యడం తెలుసు. ఎవరికీ పక్షపాతం లేకుండా తేల్చడానికి పెద్దమనుషులు చేసే పని అదేనని వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. యాదృచ్ఛికీకరణ మనకు కావాలి, ఆడిట్ కోసం.

ఇప్పుడు నా సొంత తప్పు. నా ఎం.డి. థీసిస్‌లో 40 మంది రోగులు, ఇరవై ఇరవై. ఎందుకు నలభై? సీనియర్ థీసిస్‌లో నలభై ఉన్నారు కాబట్టి. దాన్నిప్పుడు తిప్పి చూస్తే సిగ్గేస్తుంది. ఒక చిన్న లెక్క చెబుతాను. వందలో 20 మంది చనిపోయే జబ్బుంది. కొత్త మందు దాన్ని 15కు తగ్గిస్తుందా లేదా నమ్మకంగా తేల్చాలంటే ఒక్కో గుంపులో దాదాపు 900 మంది కావాలి. ఇరవై మందితో చూస్తే ఒక పక్క నలుగురు పోతారు, ఇంకో పక్క ముగ్గురు పోతారు. ఆ ఒక్క మనిషి తేడా మందుదా, విధిదా, నైట్ డ్యూటీ నర్సుదా? దేవుడికి కూడా తెలియదు. ఏటా వేల మంది పీజీలు ఇదే పని చేస్తారు. థీసిస్ లేకపోతే డిగ్రీ రాదు. అందుకోసం అదనంగా నరంలోంచి తీసిన రక్తం, అదనంగా తీసిన ఎక్స్‌రే, అదనంగా రెండుసార్లు రప్పించిన కూలిమనిషి దినకూలి, అన్నీ లైబ్రరీ అల్మారాల్లో నల్ల రెక్సిన్ అట్టల మధ్య నిద్రపోతున్నాయి. చిన్న నమూనాతో చేసిన పరీక్ష హానిలేనిదని కమిటీలు అనుకుంటాయి, ‘విద్యార్థి పనే కదా’ అని సంతకం పెడతాయి. నేను పెట్టాను, లెక్క లేనన్ని. ఆమోదించిన మందులతో చేసే అకడమిక్ ట్రయల్స్‌కు 2019 నిబంధనల ప్రకారం మామూలుగా ఎథిక్స్ కమిటీ అనుమతి సరిపోతుంది. అంటే ఇక కేంద్రం మీదికి నెట్టడానికి కూడా లేదు. పది కాలేజీల పీజీలు కలిసి ఒకే ప్రశ్న మీద పనిచేస్తే ఒక్కో గుంపుకు ఆ 900 మంది ఒక్క ఏడాదిలో వస్తారు. ఆ మాట ఒకసారి ఒక సమావేశంలో అంటే, మరి థీసిస్ మీద మొదటి పేరు ఎవరిదని అడిగారు.

ఇక ఖమ్మం. దీని గురించి మాట్లాడకుండా తెలుగునాట ఈ విషయం మీద ఎవరూ మాట్లాడకూడదని నా పట్టుదల.

2009 జూలైలో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో, ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్.పి.వి. టీకా వేశారు. పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐ.సి.ఎం.ఆర్.), రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. సుమారు 14,000 మంది పిల్లలు. గుజరాత్‌లో వడోదర దగ్గర మరో కంపెనీ టీకాతో ఇటువంటిదే ఇంకోటి. 2010లో కొందరు పిల్లల మరణాలు పత్రికలకెక్కాయి, మహిళా సంఘాలు నిలదీశాయి, ఏప్రిల్‌లో కేంద్రం ఆపమంది. చివరికి రెండు రాష్ట్రాల్లో కలిపి లెక్కకొచ్చిన మరణాలు ఏడు. విచారణ కమిటీ చూసినప్పుడు వాళ్లలో ఒకరు నీళ్లలో మునిగి, ఒకరు పాము కాటుతో, ఇద్దరు పురుగుల మందుతో, ఒకరు మలేరియాతో పోయినట్టు తేలింది. టీకాకూ ఈ మరణాలకూ సంబంధం ఉన్నట్టు కనిపించదని కమిటీ రాసింది. నాకూ అలాగే అనిపిస్తుంది.

కానీ ఎవరు నమ్మారు? నమ్మడానికి మనం వాళ్లకేం ఇచ్చాం? 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం 72వ నివేదిక ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి, 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. ఆశ్రమ పాఠశాలలో చదివే కోయపిల్ల అమ్మానాన్నలు ఏ అడవి పక్క ఊళ్లోనో ఉంటారు, వార్డెన్ అందుబాటులో ఉంటాడు. తేలికైన దారి అదే. అన్నం పెట్టే చెయ్యి కదా, ఆ మాత్రం హక్కు లేదా అనుకుని ఉంటారు. లేదు. అన్నం పెట్టేవాడికి పిల్ల భుజం మీద హక్కు ఉండదు.

అందరూ ఆ సంతకాల దగ్గరే ఆగిపోయారు. నా దృష్టిలో అంతకన్నా పెద్ద తప్పు ఆ పనికి పెట్టిన పేరులో ఉంది. దాన్ని ‘ట్రయల్’ అనలేదు, ‘ప్రదర్శక ప్రాజెక్టు’ అన్నారు. పేరు మారిస్తే బాధ్యతలు మారిపోతాయి. ట్రయల్ అయితే దుష్ఫలితాలను వెతికి లెక్కపెట్టే యంత్రాంగం ఉండాలి, ప్రతి మరణాన్నీ అప్పటికప్పుడు బయటివాళ్లు పరిశీలించాలి, పిల్లలకు బీమా ఉండాలి. ప్రాజెక్టుకు అవేవీ అక్కర్లేదనుకున్నారు. అందుకే ఒక పిల్ల చనిపోయినప్పుడు ఆ ఊరివాళ్లకు నిజం చెప్పగల కాగితం ఎవరి దగ్గరా లేకపోయింది. మంచి టీకాకు చెడ్డ పేరు తెచ్చింది టీకా వ్యతిరేకులు కాదు, ఆ ఖాళీ రిజిస్టర్లే. మన దేశపు ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో గర్భాశయ ముఖద్వారానిది రెండో స్థానం. దాన్ని ఆపే టీకా మన దగ్గర పదేళ్లకు పైగా బిక్కుబిక్కుమంటూ ఉండిపోయింది.

ఇదే కథకు రెండో సగం ఉంది. అది చాలామందికి తెలియదు. 2009లోనే, సెప్టెంబరులో, మన దేశంలో తొమ్మిది చోట్ల ఇదే హెచ్.పి.వి. టీకా మీద ఒక అసలైన ట్రయల్ మొదలైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం దాన్ని నడిపింది. హైదరాబాద్ పరిసరాల్లోనూ ఒక కేంద్రం ఉండేది. రెండు డోసులు చాలా, మూడు కావాలా అన్నది ప్రశ్న. 20,000 మంది ఆడపిల్లల్ని చేర్చాలనుకున్నారు. 17,729 మంది చేరారు. 2010 ఏప్రిల్‌లో ఖమ్మం గొడవకు ప్రభుత్వం అన్నిటికీ కలిపి వేసిన ఆజ్ఞతో ఇదీ ఆగింది. కొందరు పిల్లలకు మూడు పడ్డాయి, కొందరికి రెండు, దాదాపు అయిదు వేల మందికి ఒక్కటే పడింది. పరీక్ష చెడిపోయింది. మూటాముల్లె సర్దుకుని పోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు.

వాళ్లు పోలేదు. ప్రతి పిల్ల పేరు, ఊరు, ఎన్ని డోసులు, ఏ తారీఖు, అన్నీ రిజిస్టర్లలో ఉన్నాయి. ఆ పిల్లలు పెద్దయి, పెళ్లిళ్లయి వేరే ఊళ్లకు వెళ్తే అక్కడికీ వెళ్లి పరీక్షలు చేశారు. పదేళ్లు దాటాక, 2021లో లాన్సెట్ ఆంకాలజీలో ఫలితం వచ్చింది. క్యాన్సర్ తెచ్చే ముఖ్యమైన రెండు రకాల వైరస్ ఒంట్లో తిష్ట వేయకుండా ఒక్క డోసు కూడా 95 శాతం కాపాడుతోంది. 2022లో ఒక్క డోసు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకోవడానికి ఈ మన ఆడపిల్లలు పెద్ద సాక్ష్యం. మూడు డోసులు కొనలేని పేద దేశాలు ఒక డోసు కొనగలవు. అదే టీకా, అదే ఏడాది, ఆపిన ఆజ్ఞ కూడా అదే. ఒకచోట అనుమానం మిగిలింది, ఇంకోచోట ప్రపంచానికి జవాబు దొరికింది. తేడా రిజిస్టర్‌దే.

హైదరాబాద్ మందుల పరీక్షలకు పెద్ద మార్కెట్ అని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ మార్కెట్ గురించి రెండు మాటలు చాలు. 2011లో పల్నాడు నుంచి, పిడుగురాళ్ల ఆడవాళ్లను, అంతంతమాత్రం చదువుకున్న కూలిజనాన్ని, డబ్బులిస్తామని హైదరాబాద్ తెచ్చి క్యాన్సర్ మందు పరీక్షలకు వాడారని గొడవైంది. 2014లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్లు ఇక్కడి ఒక పరిశోధన సంస్థలో తొమ్మిది పరీక్షల కాగితాలు తిరగేసి, తొమ్మిదింటిలోనూ ఇ.సి.జి.లు తారుమారయ్యాయన్నారు. ఒకరి గుండె గీతలు ఇంకొకరి పేరు కింద. ఆ సంస్థ, మన ప్రభుత్వం అభ్యంతరం చెప్పినా, 2015లో యూరప్ దాదాపు 700 రకాల మందు రూపాలను నిలిపేయాలని సిఫారసు చేసింది. మొదటిదాన్ని నీతి సమస్య అంటారు, రెండోదాన్ని నాణ్యత సమస్య అంటారు. రెండుచోట్లా ఒంటిని అరువిచ్చిన మనిషి ఎవరో ఎవరికీ పట్టలేదు. నాకు వేరు సమస్యలుగా కనబడవు.

కోవిడ్ కాలం గుర్తు తెచ్చుకుందాం. బ్రిటన్‌లో రికవరీ అనే పరీక్షలో 6,425 మందిని చీటీలేసి పోల్చి, పది రూపాయల డెక్సామెథసోన్ వెంటిలేటర్ మీదున్నవాళ్లలో మూడో వంతు మరణాలను తగ్గిస్తుందని 2020 జూన్‌కల్లా తేల్చారు. మనవాళ్లు తక్కువ తినలేదు. ఐ.సి.ఎం.ఆర్. 39 ఆసుపత్రుల్లో 464 మందితో ప్లాస్మా చికిత్సను పరీక్షించింది. జబ్బు ముదిరినవాళ్లు, చనిపోయినవాళ్లు కలిపి ప్లాస్మా ఇచ్చిన గుంపులో 19 శాతం, ఇవ్వని గుంపులో 18 శాతం. అంటే ఉపయోగం లేదు. ఇది 2020 అక్టోబరులోనే అచ్చయింది. మరి 2021 ఏప్రిల్‌లో మీ ఫోన్లలో ఏముంది? ‘అర్జంట్‌గా బి పాజిటివ్ ప్లాస్మా కావాలి’. డాక్టర్లే రాసిచ్చారు. నా అల్లుడి కోసం నేను కూడా ఫోన్లు చేశాను, ఆ వ్యాసం చదివి ఉండి కూడా. భయం ముందు చదువు ఎంత పలచనో అప్పుడు తెలిసింది. మేలో గానీ మార్గదర్శకాల్లోంచి ప్లాస్మాను తీసేయలేదు.

అదే మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్యగారి మందుకు జనం బారులు తీరారు. ప్రభుత్వం ఆపింది, నెలాఖరుకు కంటి చుక్కలు తప్ప మిగతావాటికి సరేనంది. ఆ జనాన్ని చూసి నవ్విన డాక్టర్లంటే నాకు కోపం. మనం చేతిలో ఉన్న పరీక్ష ఫలితాన్ని పక్కన పెట్టి ప్లాస్మా ఎక్కిస్తుంటే, వాళ్లు చేతిలో ఏమీ లేక పసరు వేసుకున్నారు. ఎవరిది ఎక్కువ తప్పు? అయితే ఒకటి. తగ్గినవాళ్లు తగ్గిందని చెప్పడం సాక్ష్యం కాదు. కోవిడ్ వచ్చిన వందమందిలో ఎక్కువమందికి ఏ మందూ లేకుండానే తగ్గింది. పోలిక లేకపోతే గంగానీళ్లకూ ఆ పేరే వస్తుంది.

చట్టాలకు మన దగ్గర కొదవలేదు. స్వాస్థ్య అధికార్ మంచ్ అనే సంస్థ వేసిన వ్యాజ్యం మీద సుప్రీంకోర్టు కదిపాక, 2013లో నష్టపరిహారం నిబంధన వచ్చింది, సమ్మతిని వీడియో తీయాలన్నారు, 2019లో కొత్త రూల్స్ వచ్చాయి. 2009 జూన్ నుంచి ప్రతి ట్రయల్‌నూ ముందే రిజిస్ట్రీలో నమోదు చేయడం తప్పనిసరి. వీటిలో నాకు బాగా నచ్చింది ఈ చివరిది, అందరూ చిన్నచూపు చూసేదీ ఇదే. ఎందుకంటే, ఏం కొలుస్తానని ముందే రాసిచ్చినవాడు, ఫలితం నచ్చకపోతే కొలబద్ద మార్చలేడు. వీడియో సంగతి అడక్కండి. కెమెరా పెట్టగానే రోగి జాకెట్టు సర్దుకుని, ‘సరేనండి, సరేనండి’ అంటుంది.

కమిటీల్లో కూర్చునే మిత్రులకు ఒక్క మనవి. కొత్త ప్రోటోకాల్ బల్ల మీదికి వచ్చినప్పుడు, అదే డాక్టరు, అదే కంపెనీ కిందటిసారి చేసిన పరీక్ష ఫలితం చూపించమనండి. చూపించలేకపోతే ఫైలు పక్కన పెట్టండి. సిద్దిపేట ఆవిడ అడిగింది అంతే.

ఇంకో మనవి, ఈ హాల్లో ఉన్న భద్రాచలం, కొత్తగూడెం వైపు డాక్టర్లకు, ఏఎన్ఎమ్‌లకు. 2009లో హాస్టల్ వరండాలో వరసగా నిలబడి సూది వేయించుకున్న ఆ పిల్లల్లో పెద్దవాళ్లకు ఇప్పుడు ముప్పై ఏళ్లు నిండాయి. మన ప్రభుత్వ కార్యక్రమంలో గర్భాశయ ముఖద్వార పరీక్ష ముప్పై ఏళ్ల నుంచి మొదలవుతుంది. వాళ్లు మీ పీహెచ్‌సీకి పిల్లల్ని ఎత్తుకుని వస్తారు, జ్వరాలకు వస్తారు. ‘అమ్మా, హాస్టల్‌లో ఉన్నప్పుడు భుజానికి సూదులేశారా, ఎన్నేశారు?’ అని అడగండి. పరీక్ష చేయండి. చేసింది రాసిపెట్టుకోండి. ఏం తేలిందో వాళ్లకు చెప్పండి.